సీటు ఒకరి చేతిలో, పైసలు ఇంకొకరి చేతిలో: పాలమూరు, నల్లగొండ చరిత్ర పరిశోధకుల ఎదురుచూపు

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల గురించి విశ్వవిద్యాలయ స్థాయిలో చదవాలనుకునేవారికి ముందుగా తగిలే పుస్తకాల్లో ఒకటి అమెరికన్ చరిత్రకారుడు బెంజమిన్ కోహెన్ దక్కన్ సంస్థానాల మీద 2007లో వెలువరించిన గ్రంథం. తెలంగాణ సాయుధ పోరాటం మీద 1981లో పుస్తకం రాసిన బారీ పేవియర్ కూడా బయటి దేశం వాడే. ఇద్దరికీ మనం రుణపడి ఉన్నాం. వాళ్లు వచ్చి పని చేయకపోతే మనకు ఆ మేరకైనా తెలిసేది కాదు. అయితే అదే గద్వాలలో, అదే సూర్యాపేటలో పుట్టి, ఎంఏ హిస్టరీ చదివి, ఊరి గడీ గురించీ సంఘం గురించీ ముసలివాళ్ల నోట విని పెరిగిన పిల్లలు ఎందరో ఇప్పుడు ఏం చేస్తున్నారు? నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు. నోటిఫికేషన్ పడితే లిస్టు కోసం, లిస్టు వస్తే గైడ్ కోసం, గైడ్ దొరికితే ఫెలోషిప్ కోసం చూస్తున్నారు. ఫెలోషిప్ మంజూరైనవాళ్లు బ్యాంకు మెసేజ్ కోసం చూస్తున్నారు.

ఈ ఎదురుచూపును మనం వ్యక్తిగత బాధగా, ఓపికకు పరీక్షగా మాట్లాడుకుంటున్నాం. నేనలా చూడను. ఎన్నేళ్లు ఆగగల స్తోమత ఉంటే అన్నేళ్లు నిలబడగలిగే వ్యవస్థ ఇది. ఆగలేనివాడు తప్పుకుంటాడు. చివరికి ఒక ప్రాంతం చరిత్రను ఎవరు రాయాలన్నది ప్రతిభ కంటే ముందు ఈ ఆగడమే తేల్చేస్తున్నది. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఈ లెక్క మరీ కఠినంగా పనిచేస్తుంది.

ముందు సీటు సంగతి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. రెండూ అంతకుముందు ఉస్మానియా పీజీ కేంద్రాలుగా ఉన్నవే. ఇవి రావడం వల్ల డిగ్రీ, పీజీ చదువు ఇంటికి దగ్గరైంది, అందులో సందేహం లేదు. చరిత్రలో పీహెచ్‌డీ అనేసరికి మాత్రం చూపు ఇప్పటికీ పట్నం వైపే పోతుంది. అక్కడ ఉన్నవి ప్రధానంగా రెండు గడపలు. ఒకటి 1918లో పుట్టిన ఉస్మానియా, రెండోది 1974లో పార్లమెంటు చట్టంతో వచ్చిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, పిల్లల మాటలో హెచ్‌సీయూ.

హెచ్‌సీయూ ఏటా ప్రవేశాలు జరుపుతుంది. పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది, కానీ ఎప్పుడు అప్లై చేయాలో కనీసం అంచనా ఉంటుంది. ఉస్మానియాలో ఆ అంచనాయే కరువు. జేఆర్ఎఫ్ వంటి జాతీయ ఫెలోషిప్ ఉన్నవాళ్లను కేటగిరీ 1 కింద, మిగతావాళ్లను ప్రవేశ పరీక్ష ద్వారా కేటగిరీ 2 కింద తీసుకుంటారు. ఆ ప్రవేశ పరీక్ష 2022 చివర్లో జరిగింది. ఆ తర్వాత మళ్లీ జరిగింది 2025లో. మధ్యలో ఎంఏ పూర్తి చేసిన ప్రతి బ్యాచీ ఒకే ప్రశ్న అడుగుతూ కూర్చుంది: నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది? పరీక్ష ఎంత కష్టమైనా చదివి రాయొచ్చు. తేదీ లేని పరీక్షకు ఎట్లా సిద్ధం కావాలి? ఇంటివాళ్లకు ఏం చెప్పాలి?

నోటిఫికేషన్ ఇంత అరుదుగా ఎందుకు పడుతుంది? పరిపాలనా జాప్యం ఒక కారణం. దానికంటే లోతైన కారణం గైడ్ల కొరత. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మంది పీహెచ్‌డీ విద్యార్థులకు, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండరాదు. 2022 నిబంధనలు ఇంకో మాట చేర్చాయి: పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్న అధ్యాపకుడు కొత్తవాళ్లను తీసుకోకూడదు. నాణ్యత కోసం పెట్టిన ఈ నిబంధనలను నేను తప్పు పట్టను. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక ఖాళీలు పేరుకుపోయినప్పుడు ఈ నిబంధనల భారమంతా విద్యార్థి మీదే పడుతుంది. ఒక ఆచార్యుడు రిటైరైతే ఒక జీతం మిగిలిందని ఆర్థిక శాఖ లెక్క వేసుకోవచ్చు. నిజానికి అక్కడ ఎనిమిది పరిశోధన సీట్లు మాయమైనట్టు. మధ్యయుగ దక్కన్ తెలిసినవాడో, శాసనాలు చదవగలిగినవాడో వెళ్లిపోతే ఆ ఎనిమిది సీట్లతో పాటు ఒక విద్య కూడా పోయినట్టే.

జేఆర్ఎఫ్ ఇచ్చే జాతీయ అర్హత పరీక్ష, నెట్ దగ్గరికి వద్దాం. 2024 మార్చిలో యూజీసీ కొత్త పద్ధతి ప్రకటించింది. నెట్ ఫలితాలను మూడు రకాలుగా విడదీశారు: జేఆర్ఎఫ్‌తో పాటు అధ్యాపక అర్హత, పీహెచ్‌డీతో పాటు అధ్యాపక అర్హత, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం. చివరి రెండు రకాలవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతాయి. ఆ ఏడాదిలో మన విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇవ్వకపోతే? మళ్లీ నెట్ రాయాలి. ఢిల్లీ క్యాలెండరు వేరు, ఇక్కడి క్యాలెండరు వేరు అయినప్పుడు రెంటి మధ్య నలిగేది విద్యార్థే.

ఆ ఢిల్లీ క్యాలెండరు కూడా నమ్మదగ్గదిగా లేదు. 2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా నెట్ రాశారు. మర్నాడే, జూన్ 19న, పరీక్ష రద్దయింది. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరులలో పెట్టారు, ఫలితాలు అక్టోబరులో వచ్చాయి. పేపరు లీకైందన్న అనుమానానికి ఆధారమైన స్క్రీన్‌షాట్ మార్చి తయారు చేసిందని సీబీఐ తర్వాత తేల్చింది. అప్పటికి ఒక విద్యా సంవత్సరం సగం గడిచిపోయింది. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వచ్చి పట్నంలో గది కిరాయి కడుతున్నవాడికి ఆ నాలుగు నెలల కిరాయి ఎవరు తిరిగిస్తారు?

భాష సంగతి వేరే చెప్పాలి. నెట్ ప్రశ్నపత్రం, భాషా సబ్జెక్టులు తప్పిస్తే, ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంటుంది. ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం చదివిన పిల్లవాడు కాకతీయుల గురించి, కందూరు చోళుల గురించి తనకు తెలిసినదంతా ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అప్పుడు నాలుగు ఆప్షన్లలో వెతుక్కోవాలి. హిందీ మాతృభాష అయినవాడికి ఆ బాధ లేదు. ఉస్మానియా నిర్వహించే రాష్ట్ర అర్హత పరీక్ష, సెట్, పాసైతే రాష్ట్రంలో అధ్యాపక అర్హత వస్తుంది కానీ దానికి ఫెలోషిప్ లేదు. డబ్బున్న పరీక్షలో తెలుగుకు చోటు లేదు. దీన్ని మించిన అన్యాయం ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించదు. ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చరిత్ర ప్రశ్నపత్రం ఇవ్వడం సాధ్యం కానిదేమీ కాదు.

ఇక పైసలు. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు, రెండేళ్ల తర్వాత దాని స్థానంలో వచ్చే ఎస్ఆర్ఎఫ్ 35,000 నుంచి 42,000కు పెరిగింది. పాలమూరులో కైకిలి చేసే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఐదేళ్లు ఆ డబ్బు వస్తుందంటే ఇంట్లో తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి కూడా దాని మీదే అనుకుంటారు. కానీ జేఆర్ఎఫ్ రావడమంటే సీటు రావడం కాదు. వయసు 30 దాటకుండా సాధించాలి (రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది), సాధించాక గడువు లోపల ఎక్కడో ఒకచోట పీహెచ్‌డీలో చేరాలి. గడువు దాటితే అవార్డు లెటరు ఉత్త కాగితమే. ఫెలోషిప్ చేతిలో పట్టుకుని సీటు కోసం తిరిగేవాళ్లు ఒకవైపు, సీటు ఉండి ఫెలోషిప్ లేనివాళ్లు ఇంకోవైపు.

ఈ రెండోవాళ్లే ఎక్కువ. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నెట్ లేనివాళ్లకు నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. 2015 అక్టోబరులో యూజీసీ దాన్ని ఎత్తేయాలని నిర్ణయిస్తే దేశవ్యాప్తంగా విద్యార్థులు రోడ్డెక్కి నిలబెట్టుకున్నారు. నిలబడింది కానీ పెరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆ 8,000 కూడా లేదు. భారత చరిత్ర పరిశోధన మండలి 1972 నుంచి ఉంది. దాని జూనియర్ ఫెలోషిప్ దేశం మొత్తానికీ ఏటా పదుల సంఖ్యలోనే, అదీ రెండేళ్లకే. ఐదేళ్ల పనికి రెండేళ్ల డబ్బు.

వర్గాల వారీ ఫెలోషిప్‌లు లేకపోతే ఈ రెండు జిల్లాల నుంచి చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారని నా నమ్మకం. ఎస్సీ విద్యార్థులకు 2005-06లో రాజీవ్‌గాంధీ పేరిట మొదలైన జాతీయ ఫెలోషిప్ ఒక తరాన్ని విశ్వవిద్యాలయం లోపలికి తెచ్చింది. ఇవాళ ఏటా ఎస్సీలకు 2,000, ఎస్టీలకు 750, ఓబీసీలకు 1,000 ఉన్నాయి. ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌ల ఎంపిక నెట్ మార్కులతో ముడిపడి ఉంది కాబట్టి తెలుగు మీడియం గండం ఇక్కడ కూడా దాటాల్సిందే. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2009లో మొదలై 2022-23 నుంచి ఆగిపోయింది. మన ప్రాంత చరిత్రకు ఇది మామూలు నష్టం కాదు. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చుని వాటిని ఇంట్లో నేర్చిన భాషతో చదవగలిగేది నల్లగొండ, మహబూబ్‌నగర్ ముస్లిం కుటుంబాల పిల్లలు. సరిగ్గా వాళ్లకే దారి మూశారు.

ఫెలోషిప్ మంజూరైనా నెలనెలా పడుతుందన్న హామీ లేదు. స్కాలర్ హాజరు ధ్రువపత్రం ఇవ్వాలి, గైడ్ సంతకం పెట్టాలి, విభాగం పంపాలి, విశ్వవిద్యాలయంలో ఒకరు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి, ఇంకొకరు ధ్రువీకరించాలి, అప్పుడు ఢిల్లీ నుంచి డబ్బు కదలాలి. ఈ గొలుసులో ఒక్కరు సెలవు పెట్టినా ఆ నెల పోయినట్టే. రెండేళ్లు దాటాక జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారేటప్పుడు మళ్లీ కమిటీ, మళ్లీ కాగితాలు, మళ్లీ నెలల విరామం. 2016 జనవరి 17న హెచ్‌సీయూలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి లేఖలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ బకాయి, 1,75,000 రూపాయలు, రావాలని రాశాడు. ఆ డబ్బు తన ఇంటివాళ్లకు అందేలా చూడమని కోరాడు. ఆ మరణానికి కారణాలు అనేకం, అవన్నీ ఈ వ్యాసంలో ఇమిడేవి కావు. కానీ ఒక పరిశోధకుడి ఆఖరి మాటల్లో కూడా ఫెలోషిప్ బకాయి చోటు చేసుకుందంటే ఆ ఆలస్యాన్ని గుమస్తా పనిలో లోపమని సరిపెట్టుకోలేం.

ఈ ఆగడం ఇంటి లోపల ఎట్లా ఉంటుందో గణాంకాలు చెప్పవు. ఫోను చేసిన ప్రతిసారీ అమ్మ అడుగుతుంది: "ఏమైంది బిడ్డా, లిస్టు వచ్చిందా?" రాలేదని చెప్పడం మొదట్లో తేలికే. రెండో ఏడు దాటాక ఫోను ఎత్తాలంటేనే గుబులు. ఆడపిల్లకైతే ప్రతి ఆలస్యమూ ఒక సంబంధం రూపంలో గడపలోకి వస్తుంది. "సీటు వచ్చినాక చూద్దాం" అన్న మాటకు ఇంట్లో విలువ ఉండాలంటే సీటు ఎప్పుడు వస్తుందో చెప్పగలగాలి. తేదీ లేకపోతే ఆమె వాదనకు బలం లేదు. ఎంతో బాగా చదివిన అమ్మాయిలు ఎంఏ తర్వాత కనిపించకుండా పోవడానికి చదువు మీద ఇష్టం తగ్గడం కారణం కాదు.

మగపిల్లలు ఎక్కువగా పోయేది అశోక్‌నగర్‌కు. గ్రూప్స్ కోచింగు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున సీటు పట్టుకుని కూర్చునేవాళ్లలో చరిత్ర ఎంఏలు చాలామంది. సిలబస్‌లో తెలంగాణ చరిత్ర, సాయుధ పోరాటం ఉన్నాయి కాబట్టి తమ సబ్జెక్టు పనికొస్తుందని ఆశ. అక్కడ చరిత్ర బిట్లుగా మారుతుంది. కొందరు క్యాంపస్ హాస్టల్లో స్నేహితుడి గదిలో నాన్-బోర్డర్‌గా సర్దుకుని రెండు పడవల్లోనూ కాళ్లు పెడతారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి వెనక్కి పోయి ఖాళీగా కూర్చోవడం కంటే అది మేలు.

విదేశాల సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడి పద్ధతి ఒక విషయం నేర్పుతుంది. అమెరికాలో చరిత్ర పీహెచ్‌డీకి డిసెంబరు, జనవరిలో అప్లై చేస్తే ఫిబ్రవరి, మార్చిలో జవాబు వస్తుంది. ఆర్థిక సహాయం ఇస్తామన్నవాళ్లకు విద్యార్థి ఏప్రిల్ 15 లోపు తన నిర్ణయం చెప్పాలని అక్కడి చాలా విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం ఉంది. పెద్ద విభాగాల్లో సీటు, ఫీజు మాఫీ, ఐదేళ్ల స్టైపెండు ఒకే ఉత్తరంలో వస్తాయి. కాదన్నా ఒకే ఉత్తరంలో కాదంటారు. ఆ రెండు మూడు నెలల ఆందోళన తక్కువేమీ కాదు, అయినా దానికి ఒక చివర ఉంది. అయితే అప్లికేషను ఫీజులు, టోఫెల్, ఇంగ్లిష్‌లో పాతిక పేజీల పరిశోధన వ్యాసం, ముగ్గురు ఆచార్యుల సిఫారసు లేఖలు అన్నీ కావాలి. నల్లగొండ పిల్లవాడికి వీటిలో అన్నిటికంటే కష్టం ఆ వ్యాసమే. అట్లాంటిది రాయడం ఇక్కడి ఎంఏలో నేర్పరు.

ఆ దారీ ఇరుకవుతున్నది. బోస్టన్ విశ్వవిద్యాలయం 2025-26కు చరిత్రతో సహా పలు సామాజిక, మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీ ప్రవేశాలు ఆపేసింది. 2025లో నిధుల కోతల వల్ల ఇంకెన్నో చోట్ల సీట్లు తగ్గాయి. ఆ ఏడాది మే చివరి నుంచి కొన్ని వారాలు కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలే ఆగిపోయాయి.

మన ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక తలుపు పడింది. దళిత, సంచార జాతుల, భూమిలేని కూలీల, చేతివృత్తుల కుటుంబాల పిల్లలను విదేశాలకు పంపే కేంద్ర ప్రభుత్వ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2022లో నిబంధనలు మార్చారు. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు ఆ స్కాలర్‌షిప్ వర్తించదు. అంటే మునుగోడు దళిత విద్యార్థి వెట్టిచాకిరీ చరిత్ర మీద లండన్‌లో పరిశోధన చేయాలంటే ప్రభుత్వం డబ్బివ్వదు. లండన్ విద్యార్థి అదే అంశం మీద అక్కడి నిధులతో మునుగోడు రావచ్చు. పైగా 2025లో ఈ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే లేఖలిచ్చి, మిగతా 66 మందికి నిధులు ఉంటేనే అన్నారు. ఎంపికైన తర్వాత కూడా ఎదురుచూపే. 2022 నిబంధనను వెనక్కి తీసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఎవరి చరిత్ర ఇన్నాళ్లూ ఎవరూ రాయలేదో వాళ్లనే ఆ చరిత్ర రాయనివ్వని నిబంధన అది.

ఒకప్పుడు ఇక్కడ చరిత్ర ఎట్లా రాశారో గుర్తు చేసుకుంటే విశ్వవిద్యాలయం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ చరిత్ర పరిశోధన చేశారు. రాజా నాయని వెంకట రంగారావు అండ ఆయనకు ఉంది. ఆయన పేరిట నిలిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సేకరించి అచ్చు వేసింది. ఆలంపూర్ ప్రాంతంలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పత్రిక నడుపుతూ, వకీలు చదువు చదివి, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. ఆ పుస్తకం 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది. వలిగొండకు చెందిన బి.ఎన్. శాస్త్రి శాసనాల వెంట ఊరూరా తిరిగి ఈ జిల్లాల చరిత్రను తెలుగులో రాశారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను వాళ్ల గొంతులోనే రికార్డు చేసింది. ఇవన్నీ ఫెలోషిప్ లేకుండానే జరిగాయి కదా అనేవారు ఉన్నారు. నిజమే. కానీ దివాను కొలువు, పత్రిక, వకీలు పట్టా, పట్నం స్నేహబృందం ఇవన్నీ ఏదో ఒక ఆసరా. కూలి ఇంట్లో పుట్టినవాడికి ఫెలోషిప్ ఒక్కటే ఆసరా. జమీందారు చేసే పని ఇప్పుడు ప్రభుత్వం చేయాలి, దయగా కాకుండా హక్కుగా చేయాలి.

చేయాల్సింది ఏమిటో చెప్పడం పెద్ద కష్టం కాదు. ఉస్మానియా సహా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఏటా ఒకే నెలలో పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఇవ్వాలి. ఖాళీ తక్కువైతే తక్కువ సీట్లతోనే ఇవ్వాలి. లేదంటే ఈ ఏడు లేదని ముందే చెప్పాలి. లేదన్న మాట కూడా విద్యార్థికి ఒక మేలే, వేరే దారి చూసుకుంటాడు. ఇచ్చిన ప్రతి సీటుకూ ఆర్థిక సహాయం ఎంతో, ఎన్నేళ్లో అడ్మిషన్ లేఖలోనే రాయాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఉన్న విశ్వవిద్యాలయాల్లో పూర్తి స్థాయి చరిత్ర పరిశోధన జరగాలి. ఫణిగిరి బౌద్ధ స్థలం, పానగల్లు గుళ్లు, ఆలంపూర్ శాసనాలు ఉన్నది ఇక్కడే, పాలమూరు లేబర్ పేరిట దేశమంతా తిరిగి చెరువులూ కాల్వలూ తవ్విన వలస కూలీల జ్ఞాపకాలు ఉన్నదీ ఇక్కడే. ఆ కూలీల తరం వెళ్లిపోతున్నది. వాళ్ల మాట రికార్డు చేయాల్సిన పిల్లవాడు ఇంకా లిస్టు కోసం చూస్తున్నాడు.

ఎదురుచూస్తున్నవాళ్లకు ఒక మాట. ఉర్దూ నేర్చుకోండి. రోజుకు గంట చొప్పున మొదలుపెడితే అచ్చు ఉర్దూ పట్టుబడుతుంది, ఆ తర్వాత పాత ఫైళ్ల చేతిరాత మెల్లమెల్లగా అలవాటవుతుంది. సీటు ఎప్పుడొచ్చినా ఆ అక్షరం మీ దగ్గరే ఉంటుంది.

ప్రభుత్వానికి ఒక మాట. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు, మంచి పని చేశారు. ఆయన పుట్టిన ఉమ్మడి పాలమూరుకూ, పక్కనున్న ఉమ్మడి నల్లగొండకూ చెందిన చరిత్ర విద్యార్థుల కోసం ఆయన పేరిటే ఏటా కొన్ని పరిశోధన ఫెలోషిప్‌లు పెట్టండి. తెలుగులో రాసే పరీక్షతో ఎంపిక చేయండి. వచ్చే విద్యా సంవత్సరం నుంచే, తేదీతో సహా ప్రకటించండి.